పూర్వరూపాన్ని పట్టి చూపే జన్యుముద్రలు: గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించి గృహిణులు తెలుసుకోవలసిన విషయాలు

అప్పును, నిప్పును, రోగాన్ని కొంచెమే కదా అని ఉపేక్షించరాదని మన పెద్దలు చెబుతూ వచ్చారు. అప్పు కాగితం మీద కనిపిస్తుంది. నిప్పు పొగ వలన తెలుస్తుంది. రోగం మాత్రం ఒక్కొక్కసారి ఏ ఆనవాలూ చూపకుండా ఏండ్ల తరబడి శరీరంలో పెరుగుతూ ఉంటుంది. స్త్రీలకు కలిగే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అటువంటి రోగాలలో ముఖ్యమైనది.

2022వ సంవత్సరానికి వేసిన అంతర్జాతీయ అంచనాల ప్రకారం, ఆ ఒక్క ఏడాదిలో మన దేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా కలిగినది. సుమారు 80,000 మంది దీనివలన మరణించారు. మన స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సర్ తరువాత స్థానం దీనిదే. ఇందులో విచారించవలసిన విషయం మరొకటి ఉన్నది. ముందుగా కనిపెట్టి, రాకుండానే ఆపగలిగిన క్యాన్సర్లలో ఇది మొదటి వరుసలోనిది. అయినప్పటికీ 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవారు నూటికి ఇద్దరు కూడా లేరని తేలినది.

ఈ వ్యాధి పూర్వరూపాన్ని గుర్తించడానికి ఇటీవల శాస్త్రజ్ఞులు జన్యువుల మీద ఏర్పడే కొన్ని ముద్రలను పరిశీలిస్తున్నారు. ఆ ముద్రలు ఏమిటి, వాటివలన ప్రయోజనమెంత, మన ఇంటి స్త్రీలు ఇప్పుడు చేయవలసినదేమిటి అనే విషయాలను ఈ వ్యాసంలో వివరిస్తాను.

నా వలన జరిగిన ఒక పొరపాటు

నేను గురువుగారి ఇంట ఉండి, వారి పాదాల వద్ద శాస్త్రం చదువుకొన్నవాడిని. గోదావరి మండలంలో నలభై ఏండ్లుగా వైద్యం చేస్తున్నాను. సుమారు ముప్పై ఏండ్ల క్రిందట కోనసీమలోని ఒక గ్రామం నుండి ముప్పైయెనిమిదేండ్ల ఇల్లాలు నా వద్దకు వచ్చినది. ముగ్గురు బిడ్డల తల్లి. తెల్లబట్ట అధికంగా అవుతున్నదని, నడుము లాగుతున్నదని చెప్పినది. నాడి చూశాను. నాలుక చూశాను. శ్వేతప్రదరమని నిర్ణయించి, పుష్యానుగ చూర్ణాన్ని తేనెతో కలిపి, బియ్యపు కడుగు అనుపానంగా ఇచ్చాను. కొంత గుణం కనిపించినది. మూడు నెలలకు మళ్ళీ వచ్చినది. మళ్ళీ అదే ఇచ్చాను. ఈ విధంగా పదునాలుగు నెలలు గడిచినవి.

లోపలి పరీక్ష చేయించుకోవమ్మా అని ఒక్కసారి అన్నాను. ఆమె తల వంచుకొని, "వద్దండీ, మీ మందే ఇవ్వండి" అన్నది. నేను మరి రెట్టించలేదు. దాంపత్యం తరువాత ఎర్రబట్ట కనిపిస్తున్నదన్న సంగతిని ఆమె నాతో చెప్పలేకపోయినది, నేనూ అడగలేదు. చివరకు పట్నంలో పెద్ద డాక్టరుకు చూపించేనాటికి వ్యాధి గర్భాశయ ముఖద్వారాన్ని దాటి, చుట్టుప్రక్కలకు ప్రాకిపోయినది. మరి ఏడాదిన్నర మాత్రమే ఆమె బ్రతికినది.

నేను ఇచ్చిన మందు చెడ్డది కాదు. చూడకుండా ఇవ్వడమే దోషం. ఆ దోషం నాది. ఇంటి వైద్యం మీద నమ్మకంతో ఈ పత్రిక చదివే తల్లులు అటువంటి కాలయాపన చేయరాదనే ఉద్దేశంతోనే దీనిని ఇక్కడ వ్రాస్తున్నాను.

శాస్త్రం చెప్పిన ఆరు మెట్లు

చరకసంహిత చికిత్సాస్థానం ముప్పైయవ అధ్యాయంలో ఇరవై విధములైన యోనివ్యాపత్తులు వర్ణింపబడినవి. అర్బుదాన్ని గురించి సుశ్రుతులవారు నిదానస్థానంలో వేరుగా చెప్పారు. వీటన్నింటికంటె నేటి విషయానికి మనకు ఎక్కువగా ఉపకరించేది సుశ్రుతసంహిత సూత్రస్థానంలోని క్రియాకాల విచారణ. దోషం మొదట ఒకచోట కూడుతుంది, ఇది సంచయం. తరువాత విజృంభిస్తుంది, ఇది ప్రకోపం. శరీరంలో వ్యాపిస్తుంది, ఇది ప్రసరం. బలహీనమైన ఒక తావును చూచుకొని అక్కడ నిలుస్తుంది, ఇది స్థానసంశ్రయం. వ్యాధి లక్షణాలు బయటపడడం వ్యక్తి. ముదిరి దుస్సాధ్యం కావడం భేదం.

వ్యాధి పూర్వరూపం కనిపించేది నాలుగవ మెట్టయిన స్థానసంశ్రయం వద్ద. అక్కడ పట్టుకొన్న వైద్యునికి పని సులువు. అయిదవ మెట్టు దాటిన కొద్దీ కష్టం హెచ్చుతుంది. నేటి వైరస్ సంగతులు మన ఋషులకు తెలుసునని నేను చెప్పబోవడం లేదు. అట్లా చెప్పడం వారికి గౌరవమూ కాదు. రోగాన్ని మెట్లుగా చూడవలెనన్న వారి దృష్టి మాత్రం ఈ వ్యాధికి చక్కగా సరిపోతున్నది.

వ్యాధికి కారణం

ఈ క్యాన్సర్‌కు మూలం హ్యూమన్ పాపిల్లోమా వైరస్. దీనినే క్లుప్తంగా హెచ్.పి.వి. అంటారు. జర్మనీ శాస్త్రజ్ఞుడు హెరాల్డ్ జుర్ హౌసెన్ 1983, 1984 సంవత్సరాలలో ఈ వైరస్‌లోని 16, 18 అనే రకాలను గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో గుర్తించాడు. అందుకు 2008లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. ప్రపంచంలోని ఈ క్యాన్సర్లలో నూటికి సుమారు డెబ్బది ఈ రెండు రకాల వలననే కలుగుతున్నవి.

మన తెలుగునాట కూడా ఈ విషయాన్ని పరిశీలించారు. హైదరాబాదులో జరిగిన పరిశోధన ఒకటి 2005లో ప్రకటితమైనది. అందులో 41 మంది రోగుల క్యాన్సర్ కణజాలాన్ని పరీక్షించగా, 36 మందిలో ప్రమాదకరమైన హెచ్.పి.వి. రకాలు కనిపించినవి. ఆ 36లో మూడింట రెండు వంతులు 16వ రకమే. ఆ సందర్భంలోనే హైదరాబాదు సమీప గ్రామాలలోని 185 మంది సామాన్య స్త్రీలను పరీక్షిస్తే, నూటికి సుమారు పదిమందిలో ఈ వైరస్ ఉన్నట్లు తేలినది. ఆ పదిమందికీ క్యాన్సర్ వస్తుందా? రాదు. ఈ సంగతిని జాగ్రత్తగా గ్రహించవలెను.

ఈ వైరస్ దాంపత్య సంబంధం వలన ఒకరి నుండి మరొకరికి చేరుతుంది. సంసారజీవితం గడిపే స్త్రీపురుషులలో అధిక సంఖ్యాకులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది తగిలే ఉంటుంది. నూటికి తొంబదిమందిలో, శరీరబలం చేతనే రెండేండ్లలోపల అణగిపోతుంది. మిగిలిన కొద్దిమందిలో మాత్రం అది తిష్ఠ వేస్తుంది. అక్కడి కణాలను క్రమంగా మార్చివేస్తుంది. ఆ మార్పు క్యాన్సర్‌గా పరిణమించడానికి సామాన్యంగా పదిహేను నుండి ఇరవై ఏండ్లు పడుతుంది. రోగనిరోధక శక్తి బాగా క్షీణించినవారిలో అయిదు నుండి పదేండ్లలోనే రావచ్చును.

కాబట్టి పరీక్షలో వైరస్ ఉన్నదని తేలినంత మాత్రాన ఇంట్లో అనుమానాలకు, నిందలకు తావివ్వరాదు. అది ఎప్పుడు తగిలినదో, ఎవరి నుండి ఎవరికి వచ్చినదో ఆ కాగితం చెప్పదు. భర్తలు, అత్తమామలు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకోవలెను.

ఇప్పుడున్న పరీక్షలు

మొదటిది పాప్ స్మియర్. జార్జి పాపనికొలౌ అనే వైద్యుని పేరున ఇది ప్రసిద్ధి పొందినది. ముఖద్వారం నుండి కణాలను సున్నితంగా తీసి, సూక్ష్మదర్శిని క్రింద చూస్తారు. రెండవది, పలుచని ఎసిటిక్ ఆమ్లాన్ని అద్ది కంటితో చూచే పరీక్ష. మార్పు చెందిన భాగం తెల్లబడుతుంది. ఖర్చు తక్కువ. 2016లో భారత ప్రభుత్వం ప్రకటించిన మార్గదర్శకాలలో, 30 ఏండ్లు దాటిన స్త్రీలకు అయిదేండ్లకొకసారి చేయవలెనని చెప్పినది ఈ పరీక్షనే. మూడవది హెచ్.పి.వి. పరీక్ష. కణాలలో వైరస్ ఉన్నదో లేదో నేరుగా చూస్తారు.

మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో, అనగా నేటి ధారాశివ్‌లో, 30 నుండి 59 ఏండ్ల వయస్సుగల 1,31,746 మంది స్త్రీలతో జరిగిన పెద్ద అధ్యయనం 2009లో ప్రకటితమైనది. జీవితంలో ఒక్కసారి హెచ్.పి.వి. పరీక్ష చేసి, అవసరమైనవారికి చికిత్స చేసిన గ్రామాలలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గినవి. మన మేడ్చల్ ప్రాంతంలో జరిగి 2010లో ప్రకటితమైన అధ్యయనంలో కూడా, కంటితో చూచే పరీక్ష తక్కిన రెండింటి కంటె వెనుకబడినది. అట్లని దానిని తీసివేయరాదు. తమిళనాడులోని దిండిగల్ జిల్లాలోను, ముంబయి మురికివాడలలోను దానివలననే మరణాలు నూటికి ముప్పైకి పైగా తగ్గినవి. ఏ పరీక్షా లేకపోవడం కంటె, దగ్గరలో దొరికిన పరీక్ష మేలు.

మిగిలిపోయిన చిక్కు

హెచ్.పి.వి. పరీక్ష వైరస్‌ను బాగా పట్టుకొంటుంది. కాని ఆ వైరస్ వెళ్ళిపోయేదో, తిష్ఠ వేసి కీడు చేసేదో చెప్పదు. ఇదే చిక్కు.

పైన చెప్పిన ఇల్లాలి చిన్న కుమార్తె రెండేండ్ల క్రిందట నా వద్దకు వచ్చినది. తల్లి పోయేనాటికి ఆమెకు ఏడేండ్లు నిండలేదు. ఇప్పుడు ముప్పైయారేండ్ల గృహిణి. ఒక బిడ్డ తల్లి. రెండవ బిడ్డను కోరుకొంటున్నది. హెచ్.పి.వి. పరీక్షలో వైరస్ ఉన్నదని వచ్చినది. "తాతగారూ, అమ్మకు వచ్చినదే నాకూ వచ్చినదా? లోపలి పరీక్షలు వద్దు, మీరే ఏదైనా కషాయం ఇవ్వండి" అని కన్నీరు పెట్టుకొన్నది. ఈసారి నేను కషాయం ఇవ్వలేదు. ఈ వ్యాధి తల్లి నుండి బిడ్డకు సంక్రమించే ఆస్తి కాదని ధైర్యం చెప్పి, స్త్రీవైద్య నిపుణురాలి వద్దకు నేనే వెంటబెట్టుకొని వెళ్ళాను.

కాల్పోస్కోప్ అనే పరికరంతో ముఖద్వారాన్ని పెద్దదిగా చేసి చూచి, చిన్న ముక్క తీసి పరీక్షించారు. పూర్వరూపంలో రెండవ దశ అని తేలినది. ఈ పూర్వరూపాన్ని ఆధునిక వైద్యులు మూడు దశలుగా లెక్కిస్తారు. మొదటి దశ అధికంగా దానంతట అదే పోతుంది. మూడవ దశకు చికిత్స చేయవలసినదే. రెండవ దశ మాత్రం సందిగ్ధమైనది. రెండేండ్లు వేచి చూస్తే సుమారు సగం మందిలో తగ్గిపోతుంది; కొందరిలో అట్లే ఉంటుంది; సుమారు అయిదింట ఒక వంతు మందిలో ముదురుతుంది. వెంటనే ఆ భాగాన్ని కత్తిరించి తీసివేస్తే ప్రమాదం తొలగుతుంది గాని, తరువాతి గర్భంలో నెలలు నిండక ముందే ప్రసవమయ్యే అవకాశం కొంత హెచ్చుతుంది.

ఆ నిపుణురాలు వేచి చూద్దామన్నది. ఆరు నెలలకొకసారి పరీక్షలు జరిగినవి. ఏడాదికి ఆ మార్పు సమసిపోయినది. కాని ఆ ఏడాది ఆ బిడ్డ ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా గడిపినదో నేనెరుగుదును. ఎవరిలో తగ్గుతుందో, ఎవరిలో ముదురుతుందో ముందే చెప్పగలిగిన గుర్తు ఏదైనా ఉన్నదా అని నేను వెదకి చదివినది అప్పుడే. అట్లా తెలిసినవే ఈ జన్యుముద్రలు.

తూము తలుపులు, జన్యుముద్రలు

ఈ విషయాన్ని మన డెల్టావాసులకు కాలువల ద్వారా చెప్పడం సులభం. కాటన్ దొర 1847–1852 సంవత్సరాల మధ్య ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించాడు. ఆనకట్ట నుండి ప్రధాన కాలువ, దానినుండి పిల్లకాలువ, దానినుండి తూము ద్వారా చేనికి నీరు. గట్టు తెగలేదు, కాలువ పూడలేదు, నీరు నిండుగా ఉన్నది. అయినా తూము తలుపు దించి బిగించివేస్తే చేను ఎండిపోతుంది. కాలువలో ఏ లోపమూ లేదు. మూత పడినదంతే.

మన శరీరంలోని ప్రతి కణంలో డి.ఎన్.ఏ. అనే పదార్థం ఉన్నది. జన్యువులన్నీ దానిలోని భాగాలే. వీటిలో కొన్ని కణాన్ని హద్దుమీరకుండా కాపాడే కాపలా జన్యువులు. డి.ఎన్.ఏ.లోని సైటోసిన్ అనే అక్షరం మీద, ఒక కర్బనం, మూడు ఉదజని పరమాణువులు కలిసిన మిథైల్ అనే చిన్న ముద్ర పడుతూ ఉంటుంది. జన్యువు ఆరంభస్థానంలో ఈ ముద్రలు దట్టంగా పడితే, తూము తలుపు దించినట్లే, ఆ జన్యువు పని ఆగిపోతుంది. జన్యువు చెడలేదు, అక్షరం మారలేదు, మూత పడినది. ఇట్లా జన్యువు పైన ఏర్పడే గుర్తులను పరిశీలించే శాస్త్రానికి ఎపిజెనెటిక్స్ అని పేరు. 'ఎపి' అనగా గ్రీకు భాషలో 'పైన' అని అర్థం.

తిష్ఠ వేసిన హెచ్.పి.వి. చేసే పని ఇదే. మొదట అది ఇ6, ఇ7 అనే రెండు మాంసకృత్తులను పుట్టించి, కణంలోని ప్రధాన రక్షకులను నిర్వీర్యం చేస్తుంది. ఏండ్లు గడిచేకొద్దీ కాపలా జన్యువుల మీద మిథైల్ ముద్రలు ఒక్కొక్కటిగా పేరుకొంటాయి. కొత్తగా తగిలిన వైరస్‌లో ఇవి తక్కువ. దీర్ఘకాలం నిలిచి, క్యాన్సర్ వైపు నడిచే మార్పులో ఎక్కువ. క్యాన్సర్‌లో అత్యధికం. ఒక తూము మూసి ఉంటే మరమ్మతు కోసమేమో అనుకొంటాము. వరుసగా తూములన్నీ మూసి, ఏండ్లుగా తెరవలేదంటే కాలువ లస్కరుకు సంగతి అర్థమవుతుంది. ముద్రలను లెక్కించే పరీక్ష అటువంటి లస్కరు వంటిది.

ఈ ముద్రలు తల్లిదండ్రుల నుండి వచ్చినవి కావు. ఆ ఒక్క తావులో, ఆ వైరస్ నివాసం వలన ఏర్పడినవి. కనుక తల్లికి వచ్చినది నాకూ వస్తుందని కుమార్తెలు భయపడవలసిన పనిలేదు.

పరీక్ష జరిగే విధానం

హెచ్.పి.వి. పరీక్ష కొరకు తీసిన కణాలే దీనికీ చాలును. ప్రయోగశాలలో ఆ డి.ఎన్.ఏ.ను బైసల్ఫైట్ అనే ద్రవ్యంతో శుద్ధి చేస్తారు. మైనం రాసిన చోట బట్టకు రంగు పట్టదు కదా! అట్లే మిథైల్ ముద్ర ఉన్న సైటోసిన్ మారకుండా నిలుస్తుంది. ముద్ర లేనిది మరొక అక్షరంగా మారిపోతుంది. ఆపైన పి.సి.ఆర్. పద్ధతితో మారనివి ఎన్నో కొలుస్తారు.

దీనిలో మన స్త్రీలకు ప్రత్యేకమైన సౌకర్యం ఒకటి ఉన్నది. హెచ్.పి.వి. పరీక్షకు కావలసిన నమూనాను స్త్రీ తానే, మెత్తని బ్రష్షుతోనో దూదిపుల్లతోనో, తలుపు వేసుకొని తీసి ఇవ్వవచ్చును. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దీనిని అంగీకరించినది. అట్లా తీసిన నమూనాలో పాప్ పరీక్ష సరిగా కుదరదు. జన్యుముద్రలను మాత్రం అందులోనే చూడవచ్చునని పరిశోధనలు చెబుతున్నవి. సిగ్గు చేతనే పరీక్షకు దూరమైన ఆ కోనసీమ ఇల్లాలిని తలచుకొన్నప్పుడు, ఇది ఎంత మేలో నాకు అర్థమవుతున్నది.

ఎంతవరకు నమ్మవచ్చు?

ఐరోపాలో ఫామ్19ఏ4, మిర్124-2 అనే రెండు జన్యువుల ముద్రలను చూచే పరీక్ష వాడుకలోనికి వచ్చినది. పాతికకు పైగా దేశాలనుండి సేకరించిన 519 గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నమూనాలలో ఈ పరీక్ష 510ని, అనగా నూటికి తొంబదియెనిమిదికి పైగా పట్టుకొన్నది. కాని పూర్వరూపంలోని మూడవ దశను నూటికి సుమారు 77 మందిలో మాత్రమే గుర్తించినది. కనుక "ముద్రలు లేవు" అన్నంత మాత్రాన తరువాతి పరీక్షలు మానుకోరాదు.

నెదర్లాండ్స్ దేశంలో రెండవ, మూడవ దశల పూర్వరూపం ఉన్న స్త్రీలను వెంటనే చికిత్స చేయకుండా రెండేండ్లు జాగ్రత్తగా గమనించారు. ఆ ఫలితాలు 2022లో ప్రకటితమైనవి. ముద్రలు లేనివారిలో నూటికి సుమారు 75 మందికి ఆ మార్పు తగ్గినది. ముద్రలు ఉన్నవారిలో సుమారు 51 మందికే తగ్గినది. నా వద్దకు వచ్చిన బిడ్డ వంటివారికి ధైర్యంగా వేచి చూడడానికో, ఆలస్యం లేకుండా చికిత్సకు పోవడానికో ఇటువంటి గుర్తు సహాయపడుతుంది.

స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో 28,017 మంది స్త్రీల నమూనాల నుండి, వైరస్ ఉన్నవారిని ఏరి, మరి మూడు జన్యువుల ముద్రలను పరిశీలించారు. దానికి 16, 18 వైరస్ రకాల పరీక్షను జోడిస్తే, మూడవ దశ మార్పులు నూటికి 93, క్యాన్సర్లు అన్నీ పట్టుబడినట్లు 2024లో ప్రకటించారు. తైవాన్ పరిశోధకులు పాక్స్1 అనే జన్యువుపై చాలాకాలంగా పనిచేస్తున్నారు.

ఇవన్నీ ఆశాజనకములే. అయితే మన ప్రభుత్వ కార్యక్రమాలలో ఈ పరీక్ష లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలలో మొదటి స్థానం హెచ్.పి.వి. పరీక్షదే. జన్యుముద్రల పరీక్ష దాని తరువాత, వైరస్ ఉన్నవారిని ఏరడానికి ఉపకరించే రెండవ జల్లెడ. అది మన ఊరికి వచ్చేవరకు ఆగుదామనుకోవడం అవివేకం. మొదటి జల్లెడ ఇప్పుడే అందుబాటులో ఉన్నది.

మందుతో ముద్రలు చెరుగుతాయా?

జన్యువు మీద ముద్ర కడిగితే పోతుంది కదా, ఏదైనా లేహ్యంతో చెరపవచ్చును కదా అని కొందరు అడుగుతారు. అట్లా చెప్పి మందులు అమ్మేవారు కూడా పుట్టుకొస్తారు. ఏ చూర్ణమైనా, ఏ రసాయనమైనా ఈ ముద్రలను చెరిపి క్యాన్సర్‌ను ఆపినట్లు నిరూపణ లేదు. ఆయుర్వేదాన్ని నమ్ముకొని బ్రతికిన నేనే ఈ మాట చెబుతున్నాను. పూర్వరూపానికి చికిత్స నిపుణుల వద్దనే జరగవలెను. అది చిన్న చికిత్స. అనేక సందర్భాలలో ఆ రోజే ఇంటికి రావచ్చును.

ఇంటిలో పాటించదగినవి

శరీరబలాన్ని కాపాడుకోవడం మాత్రం మన చేతిలోని పని. తోటకూర, పొన్నగంటికూర, మునగాకు, ఉసిరిక, పెసలు, ఋతువును బట్టి దొరికే పండ్లు ఆహారంలో ఉండవలెను. చుట్ట, బీడీ, సిగరెట్టు ఏ రూపంలోనైనా పొగ త్రాగడం ఈ క్యాన్సర్ ప్రమాదాన్ని పెంచుతుంది. మన కోస్తాలో కొందరు వృద్ధ స్త్రీలకు ఉన్న అడ్డపొగ అలవాటును కూడా మాన్పించవలెను. పటిక నీళ్ళతోను, ఘాటైన మందునీళ్ళతోను యోనిని లోపల కడగడం మంచిది కాదు. పరీక్షకు ముందు రెండు రోజులు లోపల ఏ తైలపు పిచువు గాని, మాత్ర గాని ఉంచరాదు. ముట్టు రోజులు తప్పించి పరీక్షకు వెళ్ళవలెను.

తెల్లబట్ట అన్నంతనే భయపడవలసిన పనిలేదు. అధిక భాగం సామాన్య కారణాల వలననే కలుగుతుంది. అయితే దుర్వాసనతోగాని, రక్తపు జీరతోగాని ఉన్నా, దాంపత్యం తరువాత రక్తం కనిపించినా, ముట్టుకు ముట్టుకు మధ్య రక్తం వచ్చినా, ముట్లుడిగిన తరువాత మళ్ళీ ఎర్రబట్ట కనిపించినా, ఏ ఇంటి మందూ ఆరంభించక ముందే లోపలి పరీక్ష చేయించుకోవలెను. పరీక్షలో దోషమేమీ లేదని తేలిన తరువాత, ప్రదరానికి చెప్పిన లొద్దుగచెక్క, అశోకపట్ట మొదలైనవి వైద్యుని సలహాపై వాడుకోవచ్చును.

ఎవరు, ఎప్పుడు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఒక లక్ష్యాన్ని ప్రకటించినది. 2030 నాటికి బాలికలలో నూటికి 90 మందికి పదిహేనేండ్లలోపల టీకా పడవలెను. స్త్రీలలో నూటికి 70 మందికి 35 ఏండ్ల లోపల ఒకసారి, 45 ఏండ్ల లోపల మరొకసారి మంచి పరీక్ష జరగవలెను. వ్యాధి తేలినవారిలో నూటికి 90 మందికి చికిత్స అందవలెను. మన ఇంటి లెక్కకు కూడా ఇది చాలును. ఇంట్లో ముప్పై ఏండ్లు దాటిన ప్రతి స్త్రీకి, ఏ బాధా లేకపోయినా, పరీక్ష ఒకసారి జరగవలెను. బాధ కలిగేవరకు ఆగితే అయిదవ మెట్టుకు చేరినట్లే.

తొమ్మిది నుండి పదునాలుగేండ్ల ఆడపిల్లలకు హెచ్.పి.వి. టీకా వేయించడం ఉత్తమం. మన దేశంలో పూనాలోని సీరం సంస్థ తయారుచేసిన సర్వవాక్ అనే టీకా 2023 నుండి దొరుకుతున్నది. టీకా అప్పటికే ఉన్న వైరస్‌ను తొలగించదు. టీకా వేయించుకొన్నవారు కూడా పెద్దయిన తరువాత పరీక్ష మానరాదు.

మీ ఊరి ఆశా కార్యకర్తను గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని గాని ముందుగా విచారించండి. కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరులలోని ప్రభుత్వ ఆసుపత్రులలో స్త్రీవైద్య విభాగాలు ఉన్నవి. వ్యాధి తేలినవారికి విశాఖపట్నం సమీపాన అగనంపూడిలో టాటా మెమోరియల్ సంస్థకు చెందిన హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది.

నా తోటి వైద్యులకు ఒక మనవి. తెల్లబట్ట అని వచ్చిన ముప్పై ఏండ్లు దాటిన స్త్రీకి, చూర్ణం పొట్లం కట్టేముందు, "ఈ పరీక్ష జరిగినదా అమ్మా?" అని అడగండి. జరగలేదంటే, ఆమె వద్దన్నా, తల వంచుకొన్నా, రెండవసారి కూడా చెప్పండి. నేను ఆనాడు ఆ రెండవసారి చెప్పలేదు.